కొల్లేటి జాడలు: బెంగ ఒక్కటే చాలదు

అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ నవలని మనలో చాలామంది ఊరి మీద బెంగ తీర్చుకోవడానికి చదువుతాం. పడవలు, పక్షులు, చేపలు... ప్రవాసాంధ్రుడికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ అంతటితో ఆగితే ఆ నవలకి అన్యాయం చేసినట్టేనని నా అభిప్రాయం.

దాని అసలు బలం, సరస్సుతో మనుషులు కుదుర్చుకున్న సర్దుబాటుని చూపడంలో ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు, బుడమేరూ తమ్మిలేరూ తెచ్చే వరదని పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. వరద పంటని తీసుకుపోతుంది, చేపనీ ఒండ్రునీ ఇస్తుంది. ఈ రెండు ముఖాలూ తెలిసిన పాఠకుడికి, చేపల చెరువుల గట్లు లేచాక పోయింది అందం మాత్రమే కాదని అర్థమవుతుంది.

నాకు తోచిన కొరత ఒకటుంది. ఇది ఊళ్ళో నిలబడి సరస్సుని చూసిన చూపు. కొల్లేటి తలరాత మాత్రం పైన బుడమేరులోనూ, కింద ఉప్పుటేరులోనూ, సర్కారు ఫైళ్ళలోనూ ఉంది. 1970లలో సహకార సంఘాల పేరిట చెరువుల్ని ప్రోత్సహించింది ప్రభుత్వమే. 1999లో అభయారణ్యం అన్నదీ, 2006లో ఆ గట్లని కొట్టించిందీ ప్రభుత్వమే. ఆ తర్వాత చెరువులు మళ్ళీ వెలిశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. నీటికి దారి ఉంచకపోతే అది ఎవరి ఇంట్లోకైనా వస్తుంది.

మా క్రాన్‌బర్న్‌కి ఆగ్నేయాన కూవీరప్ ఉంది. ఒకప్పుడది సుమారు 40,000 హెక్టార్ల చిత్తడి నేల. పంతొమ్మిదో శతాబ్దం చివర కాలువలు తవ్వి ఎండగట్టారు. కార్లో కటాని అనే ఇంజనీరు పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ అక్కడ ఆస్పరాగస్ పండుతోంది. అయినా 1934 డిసెంబరులో వరద పాత చిత్తడిని వెతుక్కుంటూ వచ్చి ఊళ్ళని ముంచింది. కాలువలు తవ్విన చోటా, గట్లు కట్టిన చోటా జరిగింది ఒకటే: నీటి జాగా మనిషి తీసుకున్నాడు.

అందుకే ఈ నవలని బెంగతో మొదలుపెట్టినా, లెక్కలడుగుతూ ముగించాలి. గట్టు ఎవరు వేశారు? లాభం ఎవరికి? మునిగింది ఎవరు? ఈ ప్రశ్నలన్నిటికీ నవల జవాబు చెప్పకపోవచ్చు. అడిగే ధైర్యం మాత్రం ఇస్తుంది. ఒక మంచి నవలకి అది చిన్న ఘనతేం కాదు.