‘రోడ్డు’ అనే మాట

బిలాస్‌పూరు నుండి కట్నీ పోయే రైలుమార్గము మీద సుమారు 30 కిలోమీటర్ల దూరమున కోటా అనే చిన్న పట్టణమున్నది. ఆ పేరు వినగానే తెలుగువానికి ప్రాకారములతో కూడిన కోట మనస్సున మెదలును. ఉద్యోగార్థికి తన కోటా, పరీక్షార్థికి రాజస్థానములోని కోటా. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ కోటా మూడింటిలో ఏదియు కాదు. అక్కడికి రైలులో పోదలచినవానికి మరియొక చిక్కు గూడ కలదు. కోటా పట్టణపు స్టేషను పేరు కర్గీ రోడ్. మొదటిసారి పోయినప్పుడు, హిందీ బాగుగా వచ్చునన్న ధీమాతో, కర్గీ రోడ్ అంటే ఊరిలో ఏ వీధియని ఒక టాంగావానిని అడిగినాను. అతడు నా పెట్టెను, నన్ను, మార్చి మార్చి చూచి, “మీరు దిగినది అక్కడనే గదా!” అన్నాడు.

తెలుగువాడనై యుండి నేను పొరబడవలసిన పని లేదు. భద్రాచలం రోడ్ స్టేషను ఉన్నది కొత్తగూడెములో. శ్రీరాముని దర్శనమునకు పోవువారు అక్కడ దిగి ఇంకను 40 కిలోమీటర్లు పోవలెను. శ్రీకాకుళం రోడ్ ఉన్నది ఆమదాలవలసలో. కోటాను దాటి అదే మార్గమున ఎగువకు పోయినచో పెండ్రా రోడ్ తగులును. అది ఉన్నది గౌరేలాలో. 1900లో మాధవరావు సప్రే ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ పత్రికను స్థాపించిన పెండ్రా ఆ స్టేషనుకు ఎడముగా ఉన్నది. స్టేషను పేరులోని ‘రోడ్’ అనే తోకకు ఇంగ్లీషు నిఘంటువులోని తొలి అర్థము సరిపోదు. పేరుగల ఊరు ఇక్కడ లేదు, ఇక్కడి నుండి దానికి దారి మాత్రము ఉన్నది, అని దాని భావము. ఒక మాట తన పక్కనున్న పేరునే కాదనుట భాషలో తరచుగా కనబడు విశేషము కాదు.

ఇంగ్లీషులోనే ఈ మాట నడక వింతైనది. దాని పుట్టుక గుఱ్ఱపు స్వారిలో ఉన్నది. ‘రైడ్’ అనే క్రియకు అది దగ్గరి చుట్టము. మొదట అది స్వారి, ప్రయాణము. పిదప స్వారిగా వచ్చి మీదబడే దాడి. 1611 నాటి బైబిలు అనువాదమున దావీదు కథలో ఆ దాడి అర్థమే కలదు. నేడు మనము పత్రికలలో వ్రాసికొనే పోలీసు ‘రెయిడు’ దీనికి స్కాట్లండు యాసలోని కవల. ఎవరును నడువకున్నను నేల మీద పడియుండే బాట అనే అర్థము పదునారవ శతాబ్ది చివరనే స్థిరపడినది. సముద్రమున గూడ రోడ్లున్నవి. తీరమునకు కొంత ఎడముగా ఓడలు లంగరు వేసికొనదగిన నీటిపట్టును నావికులు ఆ పేరనే పిలిచిరి. కంపెనీ వారి కాగితములలో మచిలీపట్నము రోడ్లలో ఓడ నిలిచినదని ఉండును. దానిని చదివి బందరు వీధులలోనికి ఓడను నడిపించే అనువాదకుడు ఏనాటికైనను పుట్టకపోడు.

తెలుగు ఈ సంపద నంతయు తీసికొనలేదు. మనకు వచ్చిన రోడ్డు కంకర పరచి, రోలరు నడిపి, సర్కారు వేసిన రోడ్డు. దారి, త్రోవ, బాట, తెరువు, డొంక, పుంత ఎక్కడివి అక్కడనే ఉండగా, వాటి పక్కన అది వచ్చి కూర్చున్నది. కనుకనే దారి తప్పిన కొడుకును గురించి ఏ తల్లియు ‘రోడ్డు తప్పినాడు’ అని యేడ్వదు. హిందీలో ‘బాట్ జోహ్నా’ అంటే ఎదురుచూచుట. తెలుగులోను ప్రియుని కొరకు త్రోవ చూచుట కలదు. రోడ్డు చూచిన నాయిక మన కవిత్వమున లేదు. అయితే ఈ మాట ఊరక కూర్చుండలేదు. ఇంగ్లీషువాడు ఎరుగని అర్థములను ఇక్కడ సంపాదించినది. ఇల్లు వాకిలి పోయినవాడు రోడ్డున పడినాడు. కడుపు మండినవారు రోడ్డెక్కినారు. పూర్వము వీధిన పడిన సంసారమే ఇప్పుడు రోడ్డున పడుచున్నది. హిందీవాడు ఇదే దుర్దశకు సడక్ మీదికి వచ్చినాడనును. అక్కడ ఇంగ్లీషు మాట అవసరము పడలేదు.

విభూతిభూషణ బంద్యోపాధ్యాయుని ‘పథేర్ పాంచాలి’ (1929)కి 1968లో వెలువడిన ఇంగ్లీషు అనువాదము, పేరులోని పథమును ‘రోడ్’ అన్నది. ఇంగ్లీషున తప్పు లేదు. ఆ భాషలో రోడ్డుకు జీవితయాత్ర అనే లోపలి అర్థము ఉన్నది. కాని ఆ ఇంగ్లీషును చూచి తెలుగు చేయువాడు నిశ్చిందిపురము నడుమ రోడ్డు వేసినచో అపూ, దుర్గ ఏ లారీ కింద పడుదురో యని మనము భయపడవలసి వచ్చును. ఇక పరాయి మాట యని రోడ్డును వెళ్ళగొట్టి ‘రహదారి’ని ప్రతిష్ఠించే పండితులను చూచిన నాకు నవ్వు వచ్చును. రహదారి పారసీకము. ఒకప్పుడు దారిలో వసూలు చేయు సుంకమునకును, దాటనిచ్చు చీటికిని అది పేరు.

ఇట్లు ఇతరుల తప్పులను ఎంచుచున్న నేను చేసినది వీటన్నిటికంటె పెద్దది. ఒక హిందీ కథను తెనిగించినాను. అందులో ఒక రైలు డ్రైవరు, ఆ రాత్రి వేరొకడు రానందున అతని బండిని తీసికొనిపొమ్మని పైవారు చెప్పగా, “నేను ఇంకను రోడ్ నేర్చుకొనలేదు” అని నిరాకరించును. నేను దానిని “నాకింకను రోడ్డు మీద బండి నడుపుట రాదు” అని వ్రాసినాను. కథ అచ్చయినది. మోటారు నడుప రాని రైలు డ్రైవరును చూచి పాఠకులు నవ్వియుందురు.

తప్పు చూపినది కోటాలో విశ్రాంతి జీవనము గడుపుచున్న ఒక వృద్ధ డ్రైవరు, శ్రీకాకుళము వైపువారు. బిలాస్‌పూరు-కట్నీ మార్గమును 1891లో తెరచిన బెంగాలు-నాగపూరు రైల్వే కంపెనీ చేతికే 1902లో తూర్పుతీర మార్గపు ఉత్తరభాగము వచ్చినది. ఆ రైలు వెంబడి మన ఉత్తరాంధ్రులు ఖడ్గపురమునకు, బిలాస్‌పూరునకు చేరినారు. ఆ పెద్దమనిషి కథ చదివి, “బాబూ, ఆడు పిరికోడు కాదు” అన్నారు. రైలువారి భాషలో రోడ్డంటే పట్టాలు, మలుపులు, ఎక్కుడు దిగుడులు, సిగ్నళ్ళున్న చోట్లు. ఒక మార్గమున పగలు, రాత్రి కొన్నిమారులు తోడుగా పోయి, రోడ్డు నేర్చి, సంతకము చేసిన తరువాతనే డ్రైవరు దానిపై బండి నడుపవలెను. కర్గీ రోడ్ దాటిన పిమ్మట అడవిలో ఖోంగ్‌సరా, భన్‌వార్‌టోంక్, ఖోడ్రీల మీదుగా కొండమార్గము వచ్చును. దానిని నేర్వనివాడు చీకటిలో వందలమంది ప్రాణములను ఊహ మీద నడుపవలసియుండును. ఆ ఒక్క వాక్యములో ఆ మనిషి ధర్మము, అతని ఉద్యోగమునకు రానున్న ముప్పు రెండును ఉన్నవి. నేను ఆ రెండింటిని తీసివేసి, విదూషకుని నిలిపినాను. కథ మిగిలిన పుటలు ఎంత శ్రద్ధగా తెనిగించినను ఏమి ప్రయోజనము?

సంపుటమునకు ఆ కథను మరల సిద్ధము చేయునప్పుడు చాల మాటలు తూచి చూచినాను. ‘దారి ఎరుగను’ అనినచో దారి తప్పిన బాటసారి యగును. ‘మార్గపరిచయము లేదు’ అనినది ఆఫీసు కాగితము. చివరకు వృద్ధుని నోటి మాటనే తీసికొని, “ఆ ఘాటు రోడ్డు నేను నేర్వలేదు, సంతకము పెట్టలేదు” అని వ్రాసినాను. మూలమున ఘాటు లేదు, సంతకము లేదు. చేర్చినందుకు ఒక మిత్రుడు ఆక్షేపించినాడు. ఆయన రోడ్డు అనే మాటను ఎట్లు తెనిగించునో యని అడిగితిని. ఇంకను జవాబు వ్రాయలేదు.