లైటు మాటకు నిఘంటువులో చోటు

నిఘంటువు చదవడం నాకు ఏళ్ల నాటి అలవాటు. అర్థం చూసి మూసేయడం కాదు, ఒక మాటను పట్టుకుని దాని చుట్టపక్కాలందరినీ పలకరించి రావడం. ఈ వారం పట్టుకున్న మాట 'లైటు'. కోనసీమలోని సఖినేటిపల్లి మండలంలో ఈ మాటకు పెద్ద చిరునామాయే ఉంది. వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే అంతర్వేదిలో లైట్‌హౌస్ ఉంది కదా!

ఇంగ్లిషు నిఘంటువు తెరిస్తే లైటు ఒక మాట కాదు, రెండు. వెలుతురు అనే లైటు వేరు, తేలిక అనే లైటు వేరు. పుట్టుక వేరైనా నోళ్లలో నాని నాని ఒకే స్పెల్లింగులో కుదురుకున్నాయి. మొదటిదానికి లాటిన్ 'లక్స్' చుట్టం, మన 'రుచి', 'రోచిస్సు' దూరపు బంధువులు. సంస్కృతంలో రుచి అంటే కాంతి కూడా. రెండోదానికి బంధువు మరీ దగ్గర్లోనే ఉంది. పద్యంలో గురువు పక్కన నిలబడే 'లఘువు' దాని దాయాదే. 'లైట్ తీస్కో' అనే కుర్రాడు తెలియకుండానే వేల ఏళ్ల నాటి బంధుత్వాన్ని కలుపుతున్నాడు.

ఆ 'లైట్ తీస్కో' మామూలు ఇంగ్లిషు నిఘంటువుల్లో మన అర్థంతో దొరకదు. ఇంగ్లిషువాళ్లు దేన్నయినా తేలిగ్గా తీసుకోవద్దని హెచ్చరించేటప్పుడే 'టేక్ లైట్లీ' అనే మాట ఎక్కువగా వాడతారు. మనం తీసుకొమ్మనే చెబుతాం. పరీక్ష పోయి దిగాలుగా కూర్చున్న తమ్ముడితో 'లైట్ తీస్కోరా' అంటే అది ఓదార్పు. 'నన్ను లైట్ తీసుకున్నాడు' అంటే మాత్రం అది అవమానం పడ్డ మనిషి మాట. అవే రెండు మాటలు, ఒకచోట మందు, ఇంకోచోట గాయం. కోనసీమలో దీనికి మర్యాద కూడా తోడవుతుంది. పెద్దవాళ్లతో అయితే 'లైట్ తీస్కోండి బాబాయ్' అంటారు. యాస మాటకు కూడా 'అండి' తగిలించి గౌరవం ఇచ్చే నేల ఇది.

'ట్యూబ్ లైట్' సంగతి చూడండి. చెప్పిన మాట ఆలస్యంగా అర్థమయ్యేవాడికి పెట్టిన పేరది. స్టార్టరు నాలుగుసార్లు మిణుకుమంటే గానీ వెలగని పాత ట్యూబు చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. స్విచ్ వేయగానే వెలిగే ఎల్‌ఈడీ కాలపు పిల్లలకు చెప్పాలి. వస్తువు పోయినా మాట మిగులుతుంది. ఎందుకలా అన్నారో ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే ఆ కారణం కూడా వస్తువుతోపాటే పోతుంది.

ఇక లైటుకు ప్రాస కలిసే మాటల దగ్గరికి వద్దాం. ఇంగ్లిషులో 'సైట్' అని పలికే మాటలు ఒకటికి మించి ఉన్నాయి, స్పెల్లింగును బట్టి విడదీస్తారు. మనం అన్నిటినీ ఒకే 'సైటు' చేసి, వాక్యాన్ని బట్టి పోల్చుకుంటాం. 'రోడ్డు పక్కన సైటు కొన్నాడు' అంటే స్థలం. 'పిల్లాడికి సైటు వచ్చింది' అంటే చూపు మందగించి కళ్లజోడు పడిందని. 'సైటు కొట్టడం' అంటే ఏమిటో అందరికీ తెలుసు. నిఘంటువు రాసేవారు ఆ మూడో అర్థం దగ్గర ఇంకో వాక్యం కూడా రాయాలి. అనేవాడికి అది సరదా, చూపులు పడే అమ్మాయికి ఇబ్బంది. మాట ఎవరికి ఎలా తగులుతుందో చెప్పని అర్థం సగం అర్థమే.

'టైటు' కూడా అంతే. చేతిలో డబ్బు ఆడకపోయినా టైటే, మందు ఎక్కువైనా టైటే. బస్సులో 'రైట్ రైట్' అంటే కుడివైపు అని కాదు, పోనివ్వమని.

ఇంగ్లిషు ప్రాస పాదం చివర వినిపిస్తుంది, మన పద్యపు ప్రాస ప్రతి పాదంలో రెండో అక్షరం దగ్గర కూర్చుంటుంది. ఆ లెక్కన లైటుకు ఫైటు, నైటులే జత కానక్కర్లేదు. ఏటి, నీటి, తోట, మాట అన్నీ దానితో ప్రాస కలుస్తాయి. ఇంగ్లిషు మాట మన ఛందస్సులోకి వచ్చి ఏటిగట్టు మాటల సరసన కూర్చుంటుందన్నమాట.

ఇలాంటి మాటలను 'కల్తీ' అని తీసిపారేయడం నాకు మింగుడుపడదు. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు అచ్చువేసి అక్కడితో ఆగలేదు. తెలుగువాళ్లు వాడే అన్యదేశ్యాల కోసం 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పొలాల్లో రైతుల నోటి మాటలను ఏరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం వెలువరించారు. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక్కటే కాదు, ఎవరి నోట బతుకుతోందన్నది కూడా వాళ్లు పట్టించుకున్నారు.

సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లడానికి ఎక్కే 'పంటు'నే తీసుకోండి. ఇంగ్లిషు నిఘంటువులో పంట్ అంటే గడకర్రతో తోసుకుపోయే చదునైన చిన్న పడవ. మన పంటు మీద మోటారు సైకిళ్లూ, కార్లూ గోదారి దాటుతాయి. ఇంగ్లిషు అర్థాన్నే ఎత్తి రాసుకుంటే మన రేవు అందులో కనపడదు.

అందుకే ఈ పని పండితుల కోసం ఆగక్కర్లేదంటాను. బడి పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టి మొదలుపెట్టవచ్చు. మాట రాయాలి, విన్న వాక్యాన్ని విన్నట్టే రాయాలి, ఎవరు ఎవరితో అన్నారో రాయాలి, అది ఓదార్పో ఎత్తిపొడుపో రాయాలి. ఊరికొక నోటుబుక్కు తయారైతే రేపటి తెలుగు నిఘంటువుకు అంతకంటే గట్టి పునాది ఉండదు. మన నోట అర్థం మార్చుకున్న మాట మన మాటే. దాని అర్థం రాసిపెట్టాల్సిన బాధ్యతా మనదే.