బరువు లేని గదుల్లో ఆర్టెమీసియా

ఓ రాత్రి పదకొండు దాటాక, ఆఫీసు లాప్‌టాప్ మూసేసి సొంత లాప్‌టాప్ తెరిచాను. ఒక వర్చువల్ వరల్డ్‌లో ఆర్టెమీసియా జెంటిలెస్కీ బొమ్మల ప్రదర్శన పెట్టారని స్నేహితుడు లింకు పంపాడు. నా అవతార్ పాలరాతి మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. గంటన్నర తిరిగాను. తిరుగుతున్నంతసేపూ బావుంది. లాగౌట్ అయ్యాక మాత్రం ఏదో కుదరలేదనిపించింది. అదేమిటో తేల్చుకోడానికే ఇది రాస్తున్నా.

ఆర్టెమీసియా 1593లో రోమ్‌లో పుట్టింది. తండ్రి ఒరాజియో చిత్రకారుడు, పని ఆయన దగ్గరే నేర్చుకుంది. 1616లో ఫ్లోరెన్స్ చిత్రకారుల అకాడమీలో చేరింది, ఆ గౌరవం దక్కిన మొదటి స్త్రీ. ఇవన్నీ ప్రదర్శనలో ఉన్నాయి, కానీ మొదటి గదిలో కాదు. మొదటి గది 1612 నాటి విచారణది. అగోస్తీనో టాస్సీ అనే చిత్రకారుడు అంతకు ముందు ఏడాది ఆమెపై అత్యాచారం చేశాడు. ఆమె చెప్పేది నిజమేనా అని తేల్చడానికి కోర్టులో ఆమె వేళ్ళకే తాళ్ళు చుట్టి బిగించారు. బొమ్మలు గీసే వేళ్ళు! మసక వెలుతురు, వెనక విషాద సంగీతం. ఆ గది దాటి వస్తే ఇక ప్రతి బొమ్మా కేసు ఫైలుకి అటాచ్‌మెంట్‌లానే కనిపిస్తుంది.

ఆ కథని దాచమని అనను. వరస గురించే నా పేచీ. రెండో గదిలో ఉన్న 'సుసన్నా, పెద్దమనుషులు' మీద ఆమె సంతకం, 1610 అనే తేదీ ఉన్నాయి. అంటే టాస్సీ ఘటనకి ముందే గీసింది, పదిహేడేళ్ళ వయసులో. చల్లటి రాతి అరుగు, మెలితిరిగిన ఒళ్ళు, పైనుంచి వంగి గుసగుసలాడే ఇద్దరు మగాళ్ళు. తన మీద పడే చూపుల్ని అప్పటికే గమనించిన చిత్రకారిణి పని అది. దాన్ని కోర్టు గది తర్వాత పెడితే గాయం ముందు, ప్రతిభ తర్వాత అయిపోతుంది.

రెండో పేచీ బరువుతో. కరవాజియో గీసిన జూడిత్ వెనక్కి జరిగి, మొహం చిట్లించి కత్తి పట్టుకుంటుంది. ముసలి పనిమనిషి పక్కన నిలబడి చూస్తుంటుంది. ఆర్టెమీసియా 1620 ప్రాంతంలో గీసిన బొమ్మలో (ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీలో ఉంది) పనిమనిషి యువతి. తన బరువంతా వేసి హోలోఫెర్నిస్‌ని అదిమి పడుతుంది. జూడిత్ చేతులు పైకి మడిచి దిగింది. మనిషి తల కోయడం కష్టమైన పని, ఇద్దరు కావాలి అని చెప్పే బొమ్మ అది. ఇక్కడ దాన్ని రెండంతస్తుల ఎత్తున గాల్లో వేలాడదీశారు. నా అవతార్ ఎగురుకుంటూ వెళ్ళి అందులోంచి దూరి అవతలికి వచ్చేసింది! ఒక్క కొలిజన్ చెక్ పెట్టి ఉంటే కనీసం బొమ్మ ముందు ఆగేవాణ్ణి.

అలాగని అసలు బొమ్మ ముందు నిలబడితేనే కళ అనే వాదన నాది కాదు. నేను ఫ్లోరెన్స్ వెళ్ళలేదు. నాలాంటి చాలామందికి స్క్రీనే మ్యూజియం. స్క్రీన్ మాత్రమే చేయగల పని కూడా ఒకటుంది. మైకెలాంజెలో కుటుంబపు ఇల్లు కాసా బ్యూనరోటీలో, పైకప్పుకి ఆర్టెమీసియా ఓ నగ్న స్త్రీని చిత్రించింది. తర్వాతి తరం వారసుడికి అది ఇబ్బందై, వొల్తెరానో అనే చిత్రకారుడి చేత బట్టలు పూయించాడు. ఇప్పుడు ఆ రంగు తీస్తే కింది రంగు పాడవుతుంది. అందుకని ఎక్స్‌రేలు, ఇన్‌ఫ్రారెడ్ సాయంతో అసలు బొమ్మ ఎలా ఉండేదో డిజిటల్‌గా తయారుచేసి 2023లో చూపించారు. గోడ చూపించలేనిది చూపించడమంటే అదీ. వర్చువల్ ప్రదర్శన గొప్పదనాన్ని కొలవాల్సింది దీనితోనే గానీ పాలరాతి మెట్లతో కాదు.

చివరి గదిలో 1638-39 ప్రాంతపు స్వీయచిత్రం ఉంది. తననే 'చిత్రకళ'గా గీసుకుంది. చిత్రకళని స్త్రీగా ఎలా చూపాలో చెసరె రీపా అప్పటికే పుస్తకంలో రాసిపెట్టాడు: మెడలో ముసుగు బొమ్మ వేలాడే గొలుసు, నోటికి అడ్డంగా కట్టిన గుడ్డ. ఆర్టెమీసియా గొలుసు వేసుకుంది. గుడ్డ మాత్రం కట్టుకోలేదు. మనవైపు చూడదు కూడా, చెయ్యెత్తి పనిలో ఉంది.

వెనక ఆడియో గైడ్ ఇంకా విచారణ గురించే చెబుతోంది. మ్యూట్ నొక్కి, కాసేపు అక్కడే కూర్చున్నాను.