లాంచీ భద్రాచలం దాటదు

శేఖర్ కమ్ముల 'గోదావరి' టీవీలో వస్తుంటే మా బాపమ్మ కాసేపు కళ్ళు చిట్లించి చూసి అడిగింది. "గివి ఎక్కడి నీళ్ళురా?" గోదావరి అన్నాను. "అంటే మన గంగనేనా?" అంది, నమ్మబుద్ధి కానట్టు.

మా మంథని దిక్కు పెద్దోళ్ళు గోదావరిని గోదావరి అనరు. గంగ అంటారు. గంగ తానం, గంగ ఒడ్డు, గంగల కలిపిండ్రు. బాపమ్మ ఎరిగిన గంగలో ఎండాకాలం నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. అందులో తెల్లటి లాంచీ, లాంచీ మీద పాటలు, పాటల వెనక పాపికొండలు ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె అడిగింది అమాయకపు ప్రశ్న అనుకుని అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే, తెలుగు సినిమాను అడగాల్సిన ప్రశ్నే అది.

యుద్ధంలో ఓడి, నగరాలు కూలిపోయిన జర్మనీలో జనం పాటలతో నిండిన కామెడీలకు ఎగబడ్డారు. వాటిలో చాలావాటికి ఇటలీ కావాలి: ఎండ, నీలం సముద్రం, మాండలిన్. 1958లో వచ్చిన 'స్కాంపోలో'లో రోమీ ష్నైడర్ ఇస్కియా దీవిలో తిరుగుతుంది. అంతకు ముందే, 1943లో పుట్టిన కాప్రి జాలరుల పాట యుద్ధం అయ్యాక జర్మనీ అంతా మోగిపోయింది. తమాషా ఏమిటంటే, 1955లో పశ్చిమ జర్మనీ ఇటలీతో ఒప్పందం చేసుకుని అక్కడి కూలీలను తన ఫ్యాక్టరీలకు పిలిపించుకుంది. తెర మీద జర్మన్లు ఇటలీకి పోయి పాటలు పాడుతుంటే, తెర బయట ఇటలీవాళ్ళు జర్మనీకి వచ్చి షిఫ్టులు చేశారు. ఎండ సినిమాలోకి వచ్చింది, మనిషి రాలేదు.

మన తెలుగు సినిమాకూ ఒక ఇటలీ ఉంది. దాని పేరు గోదావరి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, రాజమండ్రికీ భద్రాచలానికీ మధ్య ఉన్న గోదావరి.

1973లో బాపు, ముళ్ళపూడి వెంకటరమణ 'అందాల రాముడు' తీశారు. అక్కినేని, లత, మహదేవన్ సంగీతం. సీతారామ కల్యాణం చూడటానికి రకరకాల జనం పడవెక్కి భద్రాద్రికి పోతారు. ఉన్నోళ్ళు, లేనోళ్ళు, అతిలోభులు, అల్లరోళ్ళు, అందరూ ఒకే పడవలో. కొట్లాడుకుంటారు, తింటారు, పాడతారు, మళ్ళీ కొట్లాడుకుంటారు.

ఆ ఏడాది బయట ఏం జరుగుతోందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1969లో తెలంగాణ ఉద్యమం మీద తూటాలు పేలి నాలుగేళ్ళే అయింది. 1972లో జై ఆంధ్ర మొదలైంది. 1973 జనవరి నుంచి డిసెంబరు దాకా రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన. సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం. కలిసి ఉండలేమని తెలుగువాళ్ళు రెండు వైపుల నుంచీ అంటున్న ఏడాది, తెలుగువాళ్ళందరూ ఒకే పడవలో పోతున్న సినిమా వచ్చింది. బాపు రమణలు ఇదంతా లెక్కేసి తీశారని నేననను. కానీ ఆ పడవలో అంత తగవు, అంత నవ్వు ఒకేచోట ఉండటం ఇప్పుడు చూస్తే కాకతాళీయంలా అనిపించదు. జర్మన్ కామెడీలకన్నా ఈ సినిమా నాకు దగ్గరయ్యేది అక్కడే. వాళ్ళు తమ తగవునంతా ఇంట్లో వదిలి ఇటలీకి పోయారు. రమణ తగవును కూడా పడవెక్కించాడు. డబ్బు తేడా, పరువు పిచ్చి, ఆకలి, అన్నీ జోకుల్లోకి వచ్చాయి.

ఒక్కటి మాత్రం ఎక్కలేదు: యాస. అంతమంది ఉన్న ఆ పడవ ప్రయాణాన్ని గుర్తు తెచ్చుకుంటే, కరీంనగర్ మాట వినిపించే గొంతు ఒక్కటీ నా చెవికి తగలదు.

ముప్పైమూడేళ్ళ తర్వాత, 2006లో, కమ్ముల అదే దారిలో అదే గుడికి లాంచీ నడిపాడు. సుమంత్ శ్రీరామ్, కమలినీ ముఖర్జీ సీత. మంచి సినిమా. ముఖ్యంగా సీత. వ్యాపారం నడవక, పెళ్ళి కుదరక, ఎవరి తోడూ లేకుండా లాంచీ ఎక్కిన ఆడపిల్ల అప్పటి తెలుగు తెర మీద అరుదు. బుడగలమ్మే పిల్లాడు, మాట్లాడే కుక్క, రాధాకృష్ణన్ పాటలు, తెల్లవారుజామున నీటి మీద వెలుగు, ఇవన్నీ నాకిప్పటికీ ఇష్టం.

కానీ ఆ వెలుగు పడిన ఒడ్లను చూడండి. అవి పోలవరం ముంపు ఊళ్ళు. అక్కడ ఉండేవాళ్ళలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ ముంపు కోసమే ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం పట్నం ఇటు మిగిలింది. సినిమాలో ప్రేమ కుదిరిన ఆ నీళ్ళు ఇప్పుడు రెండు రాష్ట్రాలవి. లాంచీ మీదినుంచి ఒడ్డు ఎప్పుడూ అందంగానే కనబడుతుంది. దిగి నడిస్తే తప్ప అక్కడ ఎవరో ఉన్నారని తెలియదు. దిగరు. లాంచీకి టైమవుతుంది.

సరే, ఆ లాంచీ ఇంకా పైకి, మా దిక్కు ఎందుకు రాలేదు? దీనికి నిజమైన జవాబే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు పత్తి దింపుకోవడానికి ఎగువ గోదావరిలో పడవలు నడపాలనుకున్నారు. మూడు చోట్ల రాళ్ళు అడ్డం: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. ఏళ్ళ తరబడి పని చేసి 1871లో వదిలేశారు. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం, భద్రాచలానికి కొంచెం పైనే. ఆ రాళ్ళ దగ్గరే సినిమా కూడా వెనక్కి తిరిగింది.

రాళ్ళకు ఇవతల కూడా గోదావరే ఉంది. బాసరలో అక్షరాభ్యాసాలు చేయించి, ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్ అని జిల్లాలను విడదీస్తూ ధర్మపురి, మంథని మీదుగా వచ్చి కాళేశ్వరంలో ప్రాణహితతో కలిసే గోదావరి. ఇక్కడ దాని పేరు పెట్టుకున్న ఊరు గోదావరిఖని. ఆ ఊరికి జనం నది కోసం రాలేదు, బొగ్గు కోసం వచ్చారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. తెలుగు కామెడీల్లో మాత్రం అడవి నుంచి వచ్చే మనిషి అంటే నెమలీకలు పెట్టుకుని జాతకం చెప్పే కోయదొరే. 2019లో మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభించారు, 2023లో పిల్లర్లు కుంగాయి. ఇంత కథ ఉన్న నది మీద నవ్వుల సినిమా తీయలేమా? బాధ ఉన్నచోట నవ్వు ఉండదని ఎవరన్నారు?

తీయొచ్చని 2023లో వేణు యెల్దండి 'బలగం' చూపించింది. సిరిసిల్ల ప్రాంతపు పల్లె. లాంచీ లేదు, కొండలు లేవు. ఒక ముసలాయన చచ్చిపోతాడు, పిట్ట ముట్టదు. నల్లిబొక్క దగ్గర మొదలైన అలక ఏళ్ళకేళ్ళు నడుస్తుంది. హాల్లో జనం పగలబడి నవ్వారు, చివర్లో బుడగజంగాల పాటకు ఏడ్చారు. భీమ్స్ పాటలన్నీ ఈ నేల మీదివే. నవ్వడానికి ఎవరూ ఎటూ పోలేదు. చావింట్లోనే నవ్వారు.

అయితే 'బలగం' ఒక్కటే సరైనది, 'అందాల రాముడు' తప్పు అని నేననను. సెలవు కావాలి మనిషికి. గల్ఫ్ నుంచి రెండేళ్ళకోసారి ఇంటికొచ్చే మా ఊరి మనిషి టీవీలో పాపికొండలు చూసి హాయిగా నిద్రపోతే నాకేం అభ్యంతరం? నా ఇబ్బంది వేరు. ఒకే నదిలో ఒక ముక్కను సెలవుకు, ఇంకో ముక్కను బతుకుకు పంచిందెవరు? ఎండ అటువైపు, ఎండిన ఇసుక ఇటువైపు అని గీత గీసిందెవరు? ఇంగ్లీషువాళ్ళను ఆపినవి రాళ్ళు. కెమెరాను ఏ రాళ్ళు ఆపాయి?

ఆ రోజు సినిమా అయిపోయాక బాపమ్మ ఏమందో చెప్పలేదు కదూ. "మంచిగనే ఉన్నది బిడ్డా. కని గంగల ఒక్కరన్న తానం జేస్తలేరు, అందరు పైనుంచి చూసుడే."