దిద్దేవారి ఓపిక

అమెరికా హైస్కూళ్ల ఇంగ్లీషు ఉపాధ్యాయుల పనిలో ఎక్కువ మన్ననకు తగినది చిత్తుప్రతులు దిద్దడం. వ్యాసమంతా సమర్థించబూనిన ప్రధాన ప్రతిపాదనను థీసిస్ అంటారు. అది ఎక్కడ సడలిందో, ఏ మాటకు ఆధారం చాలలేదో, ఎవరి ఆలోచన పేరు చెప్పకుండా వచ్చి చేరిందో అంచున రాసి, విద్యార్థి చేతనే తిరగరాయించే ఆ ఓపిక నిజంగా గొప్పది. ఉపోద్ఘాతం, మూడు సమర్థనలు, ముగింపు అనే ఐదు పేరాల మూస తొలిమెట్టుగా మంచిదే గాని, దాని నుంచి పిల్లలను సకాలంలో బయటికి తేగలవారే సమర్థులైన గురువులు. కాలేజ్ బోర్డు అనే సంస్థ హైస్కూలు విద్యార్థులకు పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) ఇంగ్లీష్ లాంగ్వేజ్ పరీక్షలో 3 వ్యాసాలను 2 గంటల 15 నిమిషాల్లో రాయాలి కనుక వేగం అలవడుతుంది. కళాశాలలోని పరిశోధన వ్యాసానికి మాత్రం తిరగరాత అలవాటే ఎక్కువ అక్కరకు వస్తుంది. దిద్దడానికి కావలసిన సమయాన్ని పాఠశాలలు పనివేళల్లోనే కేటాయించాలి.