గడియారాన్ని జరపాలా, పనివేళను జరపాలా?

హిందూపురంలో గడియారం పన్నెండు చూపే వేళకు సూర్యుడు సరిగా మధ్యాహ్న రేఖను చేరడమనేది సంవత్సరంలో ఒక్కరోజు కూడా జరగదు. నవంబరు తొలి రోజులలో ఆ ఘట్టం 12 గంటల 4 నిమిషాలకు జరుగుతుంది. ఫిబ్రవరి రెండవ వారంలో 12 గంటల 34 నిమిషాల దాకా ఆగవలసి ఉంటుంది. మిగిలిన దినాలన్నీ ఈ రెంటి నడుమ పడతాయి. పెనుకొండకు సూర్యుడు అర నిమిషం ముందుగాను, ధర్మవరానికి దాదాపు ఒక నిమిషం ముందుగాను వస్తాడు.

ఇందుకు కారణం తెలిసినదే. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి చెందినది. ఆ రేఖ ఉత్తరాన మిర్జాపురం వద్దను, ఆంధ్రదేశంలో తుని సమీపానను పోతుంది. హిందూపురం రేఖాంశం సుమారు 77½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల వంతున 5 డిగ్రీలకు 20 నిమిషాలు. మన పూర్వుల లెక్కలో చెబితే 50 విఘడియలు, అనగా ఘడియకు నాలుగు నిమిషాలు తక్కువ. ఇక 4 నిమిషాలకు, 34 నిమిషాలకు మధ్య ఊగులాటకు కారణం వేరు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి దీర్ఘవృత్తం కావడమూ, భూమి అక్షం వంగి ఉండడమూ కలిసి సూర్యుణ్ణి గడియారం కంటె ఒకప్పుడు ముందుకు, ఒకప్పుడు వెనుకకు నెడతాయి. దీనినే కాల సమీకరణం అంటారు.

పాఠశాలలలో ఈ విషయం ఒక గుణకారంగా ముగిసిపోతున్నది. లండనులో మధ్యాహ్నమైతే మన దేశంలో ఎంత సమయం, రెండు రేఖాంశాల తేడా ఇంత అయితే కాలభేదమెంత — ఇవే ప్రశ్నలు. విద్యార్థి నాలుగుతో హెచ్చవేసి మార్కులు తెచ్చుకుంటాడు. తన ఊరి గడియారానికీ, తన ఊరి సూర్యునికీ ఇరవై నిమిషాల తగవున్నదని మాత్రం ఎరుగడు. దేశానికి ఒక కాలం చాలునా, రెండు కావాలా అన్న చర్చ పత్రికలలో తలెత్తినప్పుడు అతనికి అది ఎక్కడో అస్సాముకు సంబంధించిన వార్తగానే తోస్తుంది. నిజానికి ఆ చర్చలోని రెండు ముఖ్య ప్రతిపాదనలలో ఒకటి హిందూపురం బాలుని ఉదయాన్నే మారుస్తుంది.

ఒకే కాలం అనేది ఆదినుండీ ఉన్న ఏర్పాటు కాదు. మద్రాసు నక్షత్రశాల కాలం గ్రీన్విచ్ కంటె 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందుండేది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో రైళ్లు చాలా వరకు ఆ కాలాన్నే పాటించాయి. అదే శతాబ్ది చివరి దశకంలో గుంతకల్లు నుండి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరికి రైలుమార్గం పడింది. మద్రాసు కాలం హిందూపురం సూర్యుని కంటె 11 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుండి ప్రామాణిక కాలం అమలుకు రాగా మరి 8 నిమిషాల 46 సెకండ్లు చేరాయి. ఈ విధంగా రెండు మెట్లలో ఇరవై నిమిషాలు పూర్తయినాయి. పెద్ద నగరాలు అంత సులభంగా లొంగలేదు. కలకత్తా తన సొంత కాలాన్ని 1948 దాకా, బొంబాయి 1955 దాకా విడువలేదు.

ఇక మొదటి ప్రతిపాదనకు వద్దాము. బెంగుళూరుకు చెందిన దిలీప్ అహూజా, డి. పి. సేన్ గుప్తా అను శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన వ్యాసంలో, దేశాన్ని రెండు కాల మండలాలుగా చీల్చనక్కరలేదనీ, గడియారాన్ని దేశమంతటా శాశ్వతంగా అరగంట ముందుకు జరిపితే విద్యుత్తు ఎక్కువ ఆదా అవుతుందనీ వాదించారు. వారి తర్కం ఇది: జనం నిద్ర లేచేది, పడుకునేది గడియారాన్ని బట్టి. గడియారం అరగంట ముందుకు జరిగితే సాయంకాలం దీపాలు వెలిగే వ్యవధి అరగంట తగ్గుతుంది. ఉదయం చాలామంది లేచేసరికే తెల్లవారి ఉంటుంది కనుక అక్కడ నష్టం స్వల్పం.

ఈ వాదంలో మెచ్చదగినది ఒకటి ఉన్నది. ఐరోపావారి వలె వేసవికి ఒక కాలం, శీతకాలానికి ఒక కాలం పెట్టుకోవడం మనకు తగదని వారు గుర్తించారు. హిందూపురంలో డిసెంబరులో అతి చిన్న పగలు 11 గంటల 18 నిమిషాలు. జూనులో అతి పెద్ద పగలు 12 గంటల 57 నిమిషాలు. ఈ కొద్ది తేడా కోసం ఏటా రెండుసార్లు గడియారాలు తిప్పడం వృథాశ్రమ.

కాని ఆదా లెక్క మాత్రం పాతబడింది. అది దీపాల వాడకం మీద నిలిచిన లెక్క. 2015 నుండి ప్రభుత్వ పథకం ద్వారా ఎల్‌.ఇ.డి. దీపాలు ఇల్లిల్లూ చేరాయి. 60 వాట్ల బల్బు వెలిగినచోట 9 వాట్ల దీపం వెలుగుతున్నప్పుడు అరగంట దీపం మిగలడంలో మిగిలేది ఆ దీపం మట్టుకు ఆరవ వంతు కూడా లేదు. సాయంకాలపు విద్యుత్తులో ఫంకాలకు, శీతల యంత్రాలకు పోయే భాగం పెరిగింది. అవి ఆడేది వేడిని బట్టి, చీకటిని బట్టి కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 2006లో వేసవి కాలాన్ని కొత్తగా అంతటా పాటించినప్పుడు, ఇళ్లలో వాడకం తగ్గడానికి బదులు సుమారు ఒక శాతం పెరిగిందని కాచెన్, గ్రాంట్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. దీపాల ఆదాను శీతల యంత్రాలు మింగివేశాయి. అనంతపురం ఎండలు ఎరిగినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

ఆ వ్యాసకర్తల పక్షాన ఒక మాట కూడా చెప్పవలసి ఉన్నది. వారు రాసిన నాటికి సౌరవిద్యుత్తు మన దేశంలో లెక్కకు వచ్చేది కాదు. ఇప్పుడు కదిరి సమీపాన నంబులపూలకుంటలోనే 1500 మెగావాట్ల సామర్థ్యం తలపెట్టిన సౌర క్షేత్రం ఉన్నది. మనుషుల పనివేళ సూర్యుని వైపు అరగంట జరిగితే, ఆ విద్యుత్తు పుట్టినపుడే ఖర్చయ్యే భాగం కొంత పెరుగుతుంది. వారి ప్రతిపాదనకు ఇది కొత్త బలం. లెక్క తిరిగి వేసేవారు దీపాలను కొంచెం తగ్గించి దీనిని చేర్చుకోవాలి.

విద్యుత్తు సంగతి అలా ఉంచి, ఉదయం సంగతి చూద్దాము. హిందూపురంలో సూర్యోదయం అతి ఆలస్యంగా అయ్యేది డిసెంబరులో కాదు, జనవరి మూడు నాలుగు వారాలలో — 6 గంటల 48 నిమిషాలకు. గడియారాన్ని అరగంట జరిపితే అది 7 గంటల 18 నిమిషాలవుతుంది. మొదటి బస్సుకు పల్లె నుండి వచ్చే విద్యార్థి అప్పటికి బయలుదేరి ఉండాలి. ద్వారకలో ఇప్పుడే జనవరిలో సూర్యుడు ఏడున్నర దాటాక ఉదయిస్తాడు. అక్కడ ఎనిమిది దాటుతుంది. దేశవ్యాప్తపు సగటులో ఈ పిల్లలు కనబడరు. ఆ వ్యాసంలోని అసలు లోపం ఇదే. లాభం దేశం మొత్తానికి కూడి చూపి, చీకటిని ఎవరి వంతుకు ఎంత పంచుతున్నదో చూపలేదు.

ఇతర దేశాలు ఈ పని చేసి చూశాయి. ఇంగ్లండు 1968 నుండి 1971 వరకు ఏడాది పొడుగునా ముందు కాలాన్ని పాటించి విడిచిపెట్టింది. అమెరికా 1974 జనవరిలో మొదలుపెట్టి ఆ ఏడే వెనుకకు తగ్గింది. రష్యా 2011లో చేపట్టి 2014లో మానుకొన్నది. ముగ్గురినీ బాధించినది శీతకాలపు చీకటి ఉదయమే. అయితే వారి అనుభవాన్ని మనకు యథాతథంగా అన్వయించరాదు. అవి ఉత్తరపు దేశాలు, అక్కడి డిసెంబరు పగలు చాల చిన్నది. మనకు దగ్గర ఉదాహరణ మన యుద్ధకాలమే: 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు దేశమంతటా గడియారం గంట ముందుకు జరిగి ఉండేది. ఆ మూడేళ్లు హిందూపురంలో సూర్యుడు సగటున ఒంటిగంట ఇరవైకి మధ్యాహ్న రేఖను దాటేవాడు. యుద్ధం ముగియగానే ఆ ఏర్పాటూ ముగిసింది.

రెండవ ప్రతిపాదన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. దేశపు కాలాన్ని సీజియం గడియారాలతో కాపాడే బాధ్యత ఆ సంస్థదే. 2018లో అక్కడి శాస్త్రజ్ఞులు దేశానికి రెండు కాల మండలాలు కావాలని ప్రచురించారు. 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశానికి తూర్పున ఉన్న రాష్ట్రాలకు గంట ముందున్న కాలం ఇవ్వాలన్నారు. వారు చూపిన అవసరం నిజమైనది. డిబ్రూగఢులో జూనులో 4 గంటల 16 నిమిషాలకే తెల్లవారుతుంది; డిసెంబరులో 4 గంటల 20 నిమిషాలకే పొద్దుగూకుతుంది. కార్యాలయం వదలకముందే చీకటి పడే బ్రతుకు అక్కడివారిది. మన దేశం తూర్పు పడమరలుగా సుమారు 29 డిగ్రీలు, అనగా రెండు గంటలకు మూడు నిమిషాలు తక్కువ. అంతకంటె ఎంతో వెడల్పయిన చైనా 1949 నుండి ఒకే కాలాన్ని నడుపుతున్నది కదా అనవచ్చును. కాని అక్కడి పడమటి కొసన కాష్గర్‌లో సూర్యుడు గడియారానికి సుమారు మూడు గంటలు వెనుకబడి ఉంటాడు. అక్కడివారు అనధికారంగా రెండు గంటల వెనుక కాలాన్ని వాడుకుంటున్నారు. అణచిన కాలం ఏదో ఒక రూపాన పైకి తేలుతుంది.

సరిహద్దును ఎన్నుకోవడంలో ఢిల్లీ శాస్త్రజ్ఞులు చూపిన నేర్పు ప్రశంసనీయం. బెంగాలు, అస్సాముల నడుమ దేశం సన్నని మెడ వలె ఉన్నచోట గీత గీశారు. రైళ్లు ఆ గీతను దాటేది కొద్దిచోట్లనే కనుక గడియారం మార్చుకునే చిక్కు తక్కువ. సాలుకు 2 కోట్ల యూనిట్లు మిగులుతాయని కూడా వారు అంచనా కట్టారు. ఇంత పెద్ద దేశానికి అది ఏపాటి? ఈ ప్రతిపాదనకు బలం విద్యుత్తు కాదు, అక్కడి ప్రజల పగటి వెలుగు. ఆ మాటనే ముందుంచి, యూనిట్ల లెక్కను వెనుక ఉంచినట్లయితే వాదం ఇంకా నిలకడగా ఉండేది.

తూర్పును వేరుచేసినందువల్ల హిందూపురానికి ఏ మార్పూ రాదు. మిగిలిన దేశానికి నడిమి రేఖ 79 డిగ్రీల వద్దకు వస్తుంది గదా, గడియారాన్ని మరి పావుగంట వెనుకకు తేవచ్చునని ఎవరైనా అడగవచ్చును. అటువంటి సవరణ వల్ల లాభం కంటె గందరగోళమే హెచ్చు.

రెండు వ్యాసాలూ కొద్దిగానే పట్టించుకున్న మార్గం ఒకటి ఉన్నది: గడియారాన్ని కదల్చకుండా పనివేళను కదల్చడం. 2001లో కేంద్రం నియమించిన సంఘం కాలాన్ని మార్చనక్కరలేదని తేల్చగా, 2004లో ఆ సంగతి పార్లమెంటుకు తెలిపారు. అస్సాము తేయాకు తోటలు బ్రిటిషువారి నాటి నుండి గంట ముందున్న తోటవేళను నడుపుకొంటున్నాయి. అంత దూరం పోనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వేసవిలో పెట్టే ఒంటిపూట బడి ఇదే సూత్రం. గడియారం గడియారంగానే ఉన్నది, బడి మాత్రం పొద్దుటి 7.45కు మొదలై 12.30కు ముగుస్తున్నది. ధర్మవరం చేనేతకారుడు ఈ సూత్రాన్ని ఎవరూ చెప్పకుండానే పాటిస్తాడు. మగ్గం మీద పట్టుపోగు కనబడే వెలుగు వచ్చినప్పుడు అతనికి పని మొదలు. గడియారాన్ని ఎటు జరిపినా ఆ వెలుగు జరగదు.

అయితే పనివేళనైనా రాష్ట్రమంతటికీ ఒకటిగా పెట్టినప్పుడు ఏమవుతుందో చూడండి. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే తూర్పు పడమరలుగా సుమారు 8 డిగ్రీలు, అనగా అరగంటకు పైన. మార్చి నడుమ ఒంటిపూట బడి 12.30కు వదిలేసరికి హిందూపురంలో సూర్యుడు అప్పుడే మధ్యాహ్న రేఖ మీద ఉంటాడు. ఇచ్ఛాపురంలో రేఖ దాటి అరగంట అయి ఉంటుంది. ఒకే ఉత్తర్వు, రెండు పొద్దులు. ఈ విషయంలో లాభం హిందూపురానిదే. నష్టపోయేది తూర్పు కొస. పనివేళను జిల్లాలవారీగా నిర్ణయించే అధికారమిస్తే ఈ తేడా సర్దుకొంటుంది. గడియారాన్ని జిల్లాలవారీగా పెట్టడం మాత్రం ఎవరికీ సాధ్యం కాదు.

పంచాంగం వాడేవారికి ఈ సంగతి కొంత తెలుసు. విజయవాడకు గణించిన సూర్యోదయాన్ని హిందూపురంలో వాడదలిస్తే దేశాంతరానికే పన్నెండున్నర నిమిషాలు కలుపుకోవాలి. అయితే రాహుకాలాన్ని సోమవారం ఏడున్నర నుండి తొమ్మిది అని కంఠస్థం చేసినవారు ఆరు గంటలకు సూర్యోదయమనే ఊహ మీద కట్టిన పట్టికను, జనవరిలో 6.48కి తెల్లవారే ఊరిలో, తుని కాలపు గడియారంతో పాటిస్తున్నారు!

చర్చలో లేని వస్తువు కొలత. దానిని ఉన్నత పాఠశాలలు సమకూర్చగలవు. చదునైన నేల మీద మీటరు కర్ర ఒకటి నిట్టనిలువుగా పాతి, దాని మొదలే కేంద్రంగా ఒక వృత్తం గీయాలి. పూర్వాహ్ణం నీడ కొస వృత్తాన్ని తాకిన సమయం, అపరాహ్ణం తిరిగి తాకిన సమయం రాసుకొని సగటు తీస్తే అది ఆ ఊరి మధ్యాహ్నం. 10.50కి ఒకటి, 1.50కి ఒకటి తాకితే మధ్యాహ్నం 12.20. సూర్యుని వైపు చూడనక్కరలేదు, చూడరాదు కూడా. పెనుకొండ వంటి కొండ పక్కని ఊరిలో ఉదయాస్తమయాలను నమ్మరాదు, కొండ అడ్డు వస్తుంది. మధ్యాహ్నం ఆ చిక్కు లేనిది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పున్నందువల్ల నీడ కొస మసకగా ఉండి నిమిషం, రెండు నిమిషాల తప్పు వస్తుంది. కావున ఇరవై నిమిషాల తేడా తప్పక దొరుకుతుంది; హిందూపుర ధర్మవరాల మధ్యనున్న ఒక్క నిమిషం ఒక రోజు కొలతలో దొరకదు, పలు దినాల సగటులో దొరకవచ్చును.

ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాలలో కాల సమీకరణం సున్న కనుక సవరణ అవసరముండదు. ఆ దినాలలో హిందూపురం మధ్యాహ్నం 12.20, ధర్మవరం మధ్యాహ్నం 12.19. ఏప్రిల్ నాటికి ఒంటిపూట బడులు, డిసెంబరు 25 సెలవు, సెప్టెంబరులో మబ్బు పట్టవచ్చు. వేసవి సెలవుల తరువాత బడి తెరిచిన రోజులలో వచ్చే జూన్ 13 అనుకూలమైనది.