స్ఫటిక నిర్మాణ డేటాబేస్ సాక్ష్యం – సి–హెచ్···ఓ హైడ్రోజన్ బంధ చర్చ: విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

రసాయన శాస్త్ర పరిశోధనలో స్ఫటిక నిర్మాణ డేటాబేస్‌ను ప్రమాణంగా చూపడం నేడు సర్వసాధారణం. అయితే డేటాబేస్‌లో ఒక దూరం కనిపించడం వేరు, ఆ దూరం ఒక బంధాన్ని నిరూపించడం వేరు. సి–హెచ్···ఓ హైడ్రోజన్ బంధంపై 1962 నుంచి 1998 వరకు సాగిన చర్చ ఆధారంగా, డేటాబేస్ సాక్ష్యం ఏ షరతులపై చెల్లుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: స్ఫటిక నిర్మాణం, డేటాబేస్, హైడ్రోజన్ బంధం, న్యూట్రాన్ వివర్తనం, వాన్ డర్ వాల్స్ వ్యాసార్థం.

1. ఉపోద్ఘాతం

కేంబ్రిడ్జ్ స్ట్రక్చరల్ డేటాబేస్ 1965లో ఓల్గా కెన్నార్డ్ నాయకత్వంలో ప్రారంభమైంది. విడివిడి ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలిస్తే ఏ ఒక్క ప్రయోగమూ ఇవ్వలేని జ్ఞానం లభిస్తుందన్న జె.డి. బెర్నాల్ విశ్వాసం దీనికి ప్రేరణ. కర్బన, లోహ–కర్బన సమ్మేళనాల నిర్మాణాలు ఇందులో 2019 నాటికి పది లక్షలకు చేరాయి. ఇంతటి నిధి అందుబాటులోకి వచ్చాక ఒక అలవాటు కూడా స్థిరపడింది. రెండు పరమాణువుల మధ్య దూరం వాటి వాన్ డర్ వాల్స్ వ్యాసార్థాల మొత్తం కంటే తక్కువగా ఉంటే చాలు, దానిని బంధంగా పట్టికలో చేర్చడం ఆ అలవాటు. ఈ పద్ధతిలోని లోపం అర్థం కావాలంటే సి–హెచ్···ఓ చర్చను మొదటి నుంచి చూడాలి.

2. తొలి వాదం, తొలి ఖండన

లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలలో పనిచేసిన జూన్ సుటర్ 1962లో, కర్బనానికి అంటిన హైడ్రోజన్ కూడా ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం ఏర్పరచగలదని స్ఫటిక నిర్మాణాల ఆధారంగా ప్రతిపాదించారు. 1968లో జెర్రీ డొనొహ్యూ ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ఆ తరువాత చాలాకాలం ఈ విషయం మరుగున పడింది.

డొనొహ్యూ ఖండనను కేవలం మొండితనంగా భావించడం తగదు. నాడు లభించిన నిర్మాణాలు కొద్ది. పైగా ఎక్స్-కిరణాలు చూసేది ఎలక్ట్రాన్ సాంద్రతనే గాని కేంద్రకాన్ని కాదు. హైడ్రోజన్‌కున్న ఒక్క ఎలక్ట్రాన్ బంధం వైపు ఒరిగి ఉంటుంది. అందువల్ల న్యూట్రాన్ వివర్తనంలో సుమారు 1.08 ఆంగ్‌స్ట్రామ్‌లుగా తేలే సి–హెచ్ దూరం ఎక్స్-కిరణ నిర్మాణాల్లో 0.95 దరిదాపుల్లో కనిపిస్తుంది. హైడ్రోజన్ స్థానమే సందేహాస్పదమైనప్పుడు దాని నుంచి కొలిచిన దూరమూ సందేహాస్పదమే. సుటర్ చెప్పింది నిజమే, కాని దానిని నిలబెట్టే సాక్ష్యం అప్పటికింకా సమకూరలేదు.

3. ప్రశ్న మారిన తీరు

1982లో రాబిన్ టేలర్, ఓల్గా కెన్నార్డ్ 113 న్యూట్రాన్ వివర్తన నిర్మాణాలను విశ్లేషించారు. హైడ్రోజన్ స్థానం గురించిన అభ్యంతరం దీనితో తొలగింది. అంతకంటే ముఖ్యమైనది వారు వేసిన ప్రశ్న. ఆక్సిజన్‌కు దగ్గరగా హైడ్రోజన్ ఉందా అని మాత్రమే వారు అడగలేదు. కర్బనానికి అంటిన హైడ్రోజన్ తన పొరుగున కర్బనాన్ని, మరో హైడ్రోజన్‌ను కోరుకుంటుందా, ఆక్సిజన్‌నే ఎక్కువగా కోరుకుంటుందా అని పోల్చి చూశారు. ఆక్సిజన్ వైపే మొగ్గు స్పష్టంగా తేలింది. పోలిక లేని లెక్క సాక్ష్యం కాదన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గౌతమ్ ఆర్. దేశిరాజు 1991లో ఈ బంధంపై సమీక్షా వ్యాసం వెలువరించారు. 1998లో థామస్ స్టైనర్‌తో కలిసి ఆయన దూరం నుంచి కోణానికి దృష్టి మళ్లించారు. ఎసిటిలీన్ తరహా సి–హెచ్ సమూహాల్లో బంధం సరళరేఖకు చేరువగా ఉండే ధోరణి బలంగా కనిపించింది. ఇథిలీన్ తరహాలో అది తగ్గింది, మిథైల్‌లో మరింత తగ్గింది. సి–హెచ్···హెచ్–సి సామీప్యాల్లో అటువంటి దిశాబద్ధత లేదు. ఆమ్లత్వం తగ్గేకొద్దీ దిశాబద్ధతా తగ్గడం బంధ స్వభావానికి రసాయనిక వివరణ ఇచ్చింది.

కోణాల లెక్కలో ఒక మెలకువ అవసరం. భూగోళంపై ధ్రువం దగ్గరి అక్షాంశ వలయం చిన్నది, భూమధ్యరేఖ దగ్గరిది పెద్దది. అదేవిధంగా 180 డిగ్రీల సమీపంలో పరమాణువుకు దొరికే చోటు స్వల్పం. ఈ తేడాను సవరించకుండా సంఖ్యలు లెక్కిస్తే సరళరేఖా ధోరణి ఉన్నచోట కూడా లేనట్లు కనిపిస్తుంది.

4. లేమి కూడా సాక్ష్యమే

1997లో జాక్ డునిట్జ్, రాబిన్ టేలర్ కర్బనానికి అంటిన ఫ్లోరిన్‌ను పరిశీలించారు. డేటాబేస్‌లోని 5947 సి–ఎఫ్ బంధాలలో 37 మాత్రమే, అంటే 0.6 శాతం, హైడ్రోజన్ బంధంలో పాల్గొనే అవకాశం ఉన్నట్లు తేలాయి. ఆ ముప్పై ఏడింటినే పట్టికగా ప్రచురించి ఉంటే ఫ్లోరిన్ మంచి గ్రాహకమన్న అభిప్రాయం బలపడేది. మొత్తం సంఖ్యను పక్కన నిలపడం వల్లనే సత్యం బయటపడింది.

5. డేటాబేస్ పరిమితులు

వ్యాసార్థాల మొత్తాన్ని హద్దుగా తీసుకోవడం రెండు విధాలా పొరపాటు. బలమైన ఇతర బంధాల ఒత్తిడితో దగ్గరైన పరమాణువులను అది బంధంగా చూపుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్‌లకు హద్దు 2.72 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుంటే, అది దాటాక కూడా కొనసాగే స్థిర విద్యుదాకర్షణను తోసివేస్తుంది. ఇక స్ఫటికంగా మారని పదార్థాలకు ఈ నిధిలో స్థానమే లేదు. నిక్షిప్తమైన ప్రతి నిర్మాణమూ నిర్దుష్టం కాదు. ఒకే వివర్తన దత్తాంశంపై పరమాణువులను మార్చి కొత్త సమ్మేళనాలుగా చూపిన సుమారు 70 నిర్మాణాల కల్పన 2010 నాటికి బయటపడి, వాటి ఉపసంహరణ మొదలైంది. ఆ మోసాన్ని పట్టి ఇచ్చినవి కూడా నిక్షిప్త దత్తాంశాలపై జరిపిన తనిఖీలే కావడం గమనార్హం.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. డేటాబేస్ విలువ సంఖ్యలో లేదు, దానిని అడిగే ప్రశ్నలో ఉంది.
2. ఎక్స్-కిరణ నిర్మాణాల హైడ్రోజన్ దూరాలను న్యూట్రాన్ విలువలకు సవరించకుండా పోల్చరాదు.
3. బంధం ఉన్న ఉదాహరణలతో పాటు, అవకాశం ఉండీ బంధం ఏర్పడని సందర్భాల సంఖ్యను కూడా పరిశోధకుడు చూపాలి.
4. దూరం, కోణం, రసాయనిక వివరణ మూడూ ఒకే దిశలో నిలిచినప్పుడే బంధమన్న మాట వాడాలి.

సుటర్ ప్రతిపాదనకు న్యాయం జరగడానికి ఇరవై ఏళ్లు పట్టింది. సాక్ష్యం కొరవడి నాడు ఒక నిజం మరుగున పడింది. సాక్ష్యం కుప్పలుగా ఉన్న నేడు, పోలిక కొరవడితే నిజం కానిది సిద్ధాంత గ్రంథాలకెక్కే ప్రమాదం ఉంది.